కరువు దేవుని తీర్పేనా? యువజన కూటంలో మాట్లాడాల, తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి

కళ్యాణదుర్గం_మెట్ట:

అందరికీ వందనాలు. మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె, ఇప్పుడు ఉద్యోగం కోసం అనంతపురంలో ఉంటాండాను. వచ్చే నెల మా గుడిలో యువజన కూటంలో నేను మాట్లాడాల, ప్రవక్తల గ్రంథాల్లో తీర్పు, దాని తర్వాత వచ్చే నిరీక్షణ అని అయ్యగారు టాపిక్ ఇచ్చినారు, సరే అన్నాను గానీ పది దినాల నుంచి చదువుతాంటే నాకే మనసు నిలబడ్డం లేదు, అందుకే ఇక్కడ అడుగుతాండా.

అసలు సంగతి చెప్తాను. మాకు ఆరెకరాలు మెట్ట ఉంది, శనక్కాయే పంట. నాయన నాలుగు బోర్లు వేయించినాడు, మూడిట్లో దుమ్మే వచ్చింది, నాలుగోది రెండు ఎండాకాలాలు ఆడి నిలిచిపోయింది. నాయన అప్పు తీరకుండానే పోయినాడు, రెండేండ్లయింది. ఆయన జ్ఞాపకార్థ కూడికలో మా చిన్నాయన లేచి ఆమోసు ప్రవక్త గ్రంథం నాలుగో అధ్యాయం చదివినాడు, ఒక ఊరి మీద కురిపించి ఇంకో ఊరి మీద కురిపించలేదు, ఒక చేను తడిసింది ఇంకో చేను ఎండింది అని ఉంటాది గదా, అది. చదివి, మన కరువు కూడా మన పాపానికి దేవుడిచ్చిన తీర్పే, ఈ ఇంట్లో ప్రార్థన తగ్గింది అన్నాడు. మాయమ్మ తల వంచుకోని కూర్చుంది. ఆ పొద్దు నుంచి గుడికి వస్తాది, కానీ నోరు తెరిచి ప్రార్థన చేయడం మానేసింది. నేను చిన్నాయనకు ఎదురు చెప్పలేకపోయినాను, ఎందుకంటే ఆ వాక్యం నిజంగా బైబిల్లో ఉంది, ఆయనేమీ కల్పించలేదు.

ఇంకోటి, ఆమోసు మొత్తం చదివితే తొమ్మిది అధ్యాయాల్లో ఎనిమిదిన్నర అధ్యాయాలు దెబ్బ మీద దెబ్బే, చివర అయిదు వచనాలు మాత్రం కొండల నుంచి ద్రాక్షారసం కారతాది, దున్నేవాడు కోసేవాడి వెంటపడతాడు అని ఉంది. అదేదో తర్వాత అతికించినట్టు అనిపిస్తాది నాకు. అంతసేపు కొట్టి చివర్లో మిఠాయి ఇచ్చినట్టు. ఒకే నోటితో ఈ రెండు మాటలు ఎట్ల వస్తాయి? నేను పిల్లోళ్ళ ముందర నిలబడి ఏం చెప్పాల?

మా తమ్ముడు పొలం అమ్మేసి బెంగుళూరు పోదామంటాండాడు, అది వేరే కత.

గుత్తి_రిటైర్డ్‌మాస్టరు:

నాయనా, ముందు మీ అమ్మగారికి నా వందనాలు చెప్పు. నేను ముప్పై ఏండ్లకు పైగా సండే స్కూల్లో పాఠం చెప్పినవాడిని, మీ చిన్నాయన చేసిన పని నేను కూడా వయసులో ఉన్నప్పుడు ఒకటి రెండు ఇండ్లలో చేసినాను, ఇప్పుడు తలుచుకుంటే నిద్ర పట్టదు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆ నాలుగో అధ్యాయం మొదటి వచనం నుంచి చదవాల. ఆమోసు యెవరితో మాట్లాడుతున్నాడు? ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనులో బాగా మేసిన బాషాను ఆవులతో, అంటే బీదల్ని నలగ్గొట్టి తాగడానికి తెమ్మని కూర్చున్న పెద్దిండ్ల ఆడవాళ్ళతో. అప్పుడు రాజు రెండో యరొబాము, క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దం మధ్యకాలం, దేశం సరిహద్దులు పెరిగినాయి, ఏనుగు దంతం పొదిగిన మంచాలు, ఎండాకాలానికి ఒక ఇల్లు చలికాలానికి ఒక ఇల్లు. ఇంకో పక్క చెప్పుల జత కోసం బీదవాణ్ణి అమ్మేస్తున్నారు. ఎనిమిదో అధ్యాయంలో మార్కెట్ సంగతి ఉంది చూడు, కొలత చిన్నది చేసి, తూకం రాయి పెద్దది చేసి, దొంగ త్రాసు పెట్టి, తాలు గింజలు కూడా అమ్ముతారు, విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతాదా అంగడి ఎప్పుడు తెరుద్దామా అని కాసుకోని కూర్చుంటారు. మన యార్డులో కాటా దగ్గర తరుగు పేరుతో ఎంత పోతాదో శనక్కాయ పండించినోడికి నేను చెప్పనక్కర్లేదు. ఆమోసు గొంతు కాటా దగ్గర చేతులు కట్టుకోని నిలబడినోడి మీద లేవలేదు నాయనా, కాటా పట్టుకున్నోడి మీద లేచింది. మీ నాయన ఆ రెండిట్లో ఏ పక్క ఉన్నాడో నీకు తెలుసు.

ఇంకో సంగతి చాలామంది చూడరు. ఏడో అధ్యాయంలో దేవుడు ఆమోసుకు మిడతల్ని చూపిస్తాడు, రాజు కోత అయిపోయి కడవరి గడ్డి మొలిచే టైంలో మిడతలు. ఆమోసు ఏమన్నాడు? బాగా అయింది వీళ్ళకు అన్నాడా? లేదు, ప్రభువా క్షమించు, యాకోబు (అంటే ఆ ఇశ్రాయేలు జనం) చిన్నవాడు, ఎట్ల నిలుస్తాడు అని బతిమాలినాడు. దేవుడు ఆగినాడు. మళ్ళీ అగ్ని చూపించినాడు, మళ్ళీ బతిమాలినాడు, మళ్ళీ ఆగినాడు. తెకోవలో పశువులు కాసుకుంటా మేడిపండ్లు ఏరుకునే మనిషి, చదువుకున్న ప్రవక్తల గుంపులోవాడు కాదు, ఎండిన చేను అంటే ఏందో తెలిసినవాడు. తీర్పు మాట చెప్పేవాడు ముందు ఆ జనం కోసం మోకాళ్ళ మీద పడి ఉండాల, అదీ వరస. మీ చిన్నాయన అంతకు ముందు మీ ఇంటికోసం ఎన్ని రాత్రులు ప్రార్థన చేసినాడో ఆయన్నే అడగాల్సిన మాట.

కరువు సంగతికొస్తే, అనంతపురానికి వాన తక్కువ కావడానికి కారణం పటం మీదే కనపడతాది. పడమటి కనుమల అవతల కురవాల్సిందంతా కురిసి నైరుతి మేఘాలు ఉత్తగా మన మీద పోతాయి, ఈశాన్యం వానేమో తీరం దాటి ఇంత లోపలికి వచ్చేలోగా సత్తువ అయిపోతాది. అందుకే ఏడాదికి సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతాం, అదైనా శనక్కాయకు ఊడలు దిగే టైంకి పడితే సరి, లేకుంటే లేదు. ఇక్కడ ప్రార్థన చేసే ఇల్లు ఉందా లేదా అని మేఘం చూసి కురవదు. అయితే కరువులో మనిషి తప్పు ఏమీ ఉండదా అంటే ఉంటాది. 1876 నుంచి 78 దాకా ధాత కరువు వచ్చినప్పుడు మన సీమ జిల్లాలు గుల్లయిపోయినాయి, అప్పుడు కూడా ఈ దేశం నుంచి గోధుమలు ఓడల్లో ఇంగ్లండ్ పోతానే ఉన్నాయి, రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు పనికి వచ్చిన కూలీకి దినానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు, అంటే 450 గ్రాములు, రాళ్ళు కొట్టే మనిషికి. ఆమోసు ఆ కాలంలో బళ్ళారి రోడ్డు మీద నిలబడి ఉంటే ఎవరి ఇంటి ముందర అరిచేవాడు? ఆకలికి పడిపోయినోడి గుడిసె ముందర మాత్రం కాదు.

సింహాద్రిపురం_బ్రదర్:

మాస్టరు గారూ మీరంటే గౌరవం, కానీ ఒక భయం చెప్తాను. మనం ఇట్ల ప్రతి తీర్పు మాటకూ ఇది మనకు కాదు పెద్దోళ్ళకు, షోమ్రోనుకు, దొరలకు అనుకుంటా పోతే చివరికి మన మీద పడే మాట ఒక్కటీ మిగలదు. నేను మా దగ్గర చూసేది దానికి తిరగబడిన జబ్బు. ప్రతి క్యాలెండర్ మీద, ప్రతి ఆటో వెనకాల యిర్మీయా 29:11, మీకు సమాధానకరమైన ఉద్దేశాలే అని. దాని పై వచనం ఎవరూ వేయరు. 29:10లో బబులోనుకు డెబ్బై ఏండ్లు నిండినాకే అని ఉంది. అది బబులోనుకు చెరపట్టుకోని పోయినోళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం, దాన్ని అందుకున్న పెద్దోళ్ళలో ఎంతమంది బతికి తిరిగొచ్చింటారు? అది ఉజ్జీవ కూటంలో చదివి ఈ నెలలోనే నీ అప్పు తీరిపోతాది అని చెప్పే మాట కాదు.

అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు గదా, రెండేండ్లలో అందరూ తిరిగొస్తారు, గుడి పాత్రలు కూడా వచ్చేస్తాయి అని అందరి ముందర చెప్పినాడు. యిర్మీయా దానికి ఆమేన్ అన్నాడు, అట్లే జరగనీ అన్నాడు, ఆయనకూ అదే కావాల. కానీ అది దేవుడు చెప్పిన మాట కాదు. గాయం లోతుగా ఉంటే పైపైన పట్టీ వేసి సమాధానం సమాధానం అంటే ఎట్ల అని ఆయన అడిగింది ఇట్లాంటోళ్ళనే. కాబట్టి తమ్ముడూ, యువజనులకు తీర్పు తగ్గించి చెప్పొద్దు. మీ అమ్మ మీద వేసిన మాట తప్పు, అది నేనూ ఒప్పుకుంటా, చనిపోయిన ఇంట్లో ఆ వాక్యం చదవడం, బాధలో ఉన్న యోబును నీ పాపమే కారణం అన్న ఆయన స్నేహితులు చేసిన పనే. కానీ తీర్పు లేని నిరీక్షణ హనన్యా నిరీక్షణ అయిపోతాది.

గుత్తి_రిటైర్డ్‌మాస్టరు:

బ్రదర్ చెప్పింది సరైన హెచ్చరిక, నేను తీసుకుంటాను. తరుగు కోసే చెయ్యి మన గుడి బెంచీ మీద కూడా కూర్చోని ఉంటాది, ఆ మాట యువజనులకు చెప్పాల్సిందే, దాంట్లో ఎవరికీ మినహాయింపు లేదు.

కడప_హెబ్రీ_పాఠం:

నేను నాలుగేండ్లుగా హెబ్రీ నేర్చుకుంటాండాను, పెద్ద పండితుణ్ణి కాదు, కానీ అన్న అడిగిన రెండో ప్రశ్న, ఒకే నోటితో రెండు మాటలు ఎట్ల అనేదానికి భాషలోనే కొంత జవాబు ఉంది. షూబ్ అనే క్రియ. దాని అర్థం తిరగడం. ఆమోసు నాలుగో అధ్యాయంలో మీ చిన్నాయన చదివిన చోటే అయిదుసార్లు పల్లవి మాదిరి వస్తాది, అయినా మీరు నా తట్టు తిరగలేదు అని, అక్కడ షూబ్. జనం చెర నుంచి తిరిగి రావడానికీ అదే షూబ్. పొలాలు, ఊర్లు మళ్ళీ బాగుపడ్డం గురించి ప్రవక్తలు చెప్పేటప్పుడు షూబ్ షెబూత్ అని ఒక మాట వాడతారు, మన తెలుగు బైబిల్లో ఎక్కువగా చెరలోనుంచి రప్పిస్తాను అని వేసినారు, ఆమోసు చివరి అయిదు వచనాల్లో కూడా అదే ఉంది. అంటే తీర్పులో అడిగిందీ తిరగమనే, తర్వాత ఇచ్చేదీ తిరుగుదలే. మన తెలుగు కూడా ఎంత బాగా కలుస్తాదో చూడండి, మనసు తిరిగింది అంటాం, ఇంటికి తిరిగొచ్చినాడు అంటాం, కాలం తిరిగింది అంటాం. నాకు ఇది మొదటిసారి తెలిసిన రోజు పుస్తకం మూసి చాలాసేపు అట్లే కూర్చున్నాను.

అతికించినట్టు ఉంది అన్నారు కదా, నిజమే, ఆమోసు చివరి భాగం తర్వాత కాలంలో చేర్చింది అని చెప్పే పండితులు చాలామంది ఉన్నారు, ఎందుకంటే పడిపోయిన దావీదు పాకను మళ్ళీ లేపుతాను అంటే అప్పటికి యెరూషలేము కూలిపోయి ఉండాల గదా అని. ఆ పాక దావీదు వంశం రెండు రాజ్యాలుగా చీలిపోవడమే అని, ఆమోసే చెప్పినాడని అనేవాళ్ళూ ఉన్నారు. నాకు ఏది నిజమైనా బాధ లేదు. తర్వాత చేర్చి ఉంటే, క్రీ.పూ. 586లో ఊరు కాలి, గుడి కాలి, అన్నీ పోగొట్టుకున్నవాళ్ళు ఆమోసు చుట్టను పారేయకుండా, దాంట్లోని తిట్లు ఒక్కటి కూడా కొట్టేయకుండా, అన్నీ ఉంచి చివర ఈ అయిదు వచనాలు రాసినారన్నమాట. అది మిఠాయి అని నాకు అనిపించదు.

యూదుల సమాజమందిరంలో ఒక అలవాటు ఉంది, చెప్తాను. యెషయా ఆఖరి వచనం పురుగు చావదు అగ్ని ఆరదు అని చాలా భయంకరంగా ముగుస్తాది. వాళ్ళు ఆ ఆఖరి వచనం చదివినాక వెనక్కి వచ్చి దాని ముందర వచనం ఇంకోసారి చదివి అప్పుడు ఆపుతారు. మలాకీకీ, విలాపవాక్యాలకీ అంతే. భయంకరమైన వచనాన్ని దాటేయరు, పూర్తిగా చదువుతారు, కానీ దాని మీద పుస్తకం మూయరు.

జమ్మలమడుగు_అక్క:

తమ్ముడూ మీరందరూ ఆమోసు గురించి రాస్తాండారు, నాకు మాత్రం తల వంచుకోని కూర్చున్న మీ అమ్మే కండ్ల ముందర ఉండాది. నేనూ అట్ల కూర్చున్నదాన్నే, మా ఆయన పోయినప్పుడు. నాకు అప్పుడు స్త్రీల మైత్రిలో ఒక పెద్దమ్మ ఏం చేసిందంటే, ఏమీ బోధించకుండా నా పక్కన కూర్చోని విలాపవాక్యములు ఒకటో అధ్యాయం చదివింది. గుడికి పోయే దాన్నే అయినా అంతవరకు దాన్ని ఎవరూ చదవగా వినలేదు, మన కూటాల్లో దాంట్లోంచి మూడో అధ్యాయం రెండు వచనాలు తప్ప ఏమీ చదవరు గదా, అనుదినము నూతనముగా వాత్సల్యత పుట్టుచున్నది అనేది. ఒకటో అధ్యాయంలో యెరూషలేమును విధవరాలు అంటారు. రాత్రి ఏడుస్తాది, కన్నీళ్ళు చెంపల మీద ఉంటాయి, ఓదార్చేవాడు ఒక్కడూ లేడు. ఆ మాట, ఓదార్చేవాడు లేడు అనేది, ఆ ఒక్క అధ్యాయంలో మళ్ళీ మళ్ళీ వస్తాది, నేను లెక్కపెట్టినా, అయిదు సార్లు. నేను పాపం చేసినాను అని కూడా ఆమె ఒప్పుకుంటాది, అయినా నా బాధ లాంటి బాధ ఉందేమో చూడండి అని దారిన పోయేవాళ్ళను పిలిచి అడుగుతాది. ఆ పుస్తకం మొత్తంలో దేవుడు ఒక్క మాట జవాబియ్యడు. అయిదు అధ్యాయాలు.

జవాబు ఎక్కడ వచ్చింది అంటే యెషయా నలభైలో, నా జనులను ఓదార్చుడి ఓదార్చుడి అని. రెండుసార్లు. ఆ రెండూ పక్కపక్కన చదివిన దినం నాకు ఏడుపు ఆగలేదు, ఇంతకాలానికి ఎవరో విన్నారు అనిపించింది. ఆ విధవరాలు నోరు మూసుకోని కూర్చుంటే ఆ జవాబు ఎవరికి వచ్చేది? కాబట్టి మీ అమ్మ ప్రార్థన చేయలేదు అని బాధపడొద్దు, ఆమెకు అరిచే హక్కు బైబిల్లోనే ఉంది అని చెప్పండి. చిన్నాయనను తిట్టొద్దు, ఆయన కూడా అన్నను పోగొట్టుకున్నవాడే, ఏదో ఒక కారణం దొరక్కపోతే తట్టుకోలేక ఆ మాట అనింటాడు.

కళ్యాణదుర్గం_మెట్ట:

అక్కా మీరు రాసింది బస్సులో చదివినాను, దిగాల్సిన స్టాపు దాటిపోయినా. అందరికీ చాలా థ్యాంక్స్. చిన్నాయన గురించి ఆ మాట నాకు తట్టనే లేదు.

ఇప్పుడు నాకు అనిపిస్తాంది ఏందంటే ఆమోసుతో మొదలుపెట్టి యిర్మీయా 32తో ముగిస్తే బాగుంటాదేమో అని, ఆయన పొలం కొన్నాడు గదా. మా తమ్ముడు పొలం అమ్ముదామంటాండాడు కాబట్టి నాకు అది వదల్లేదు. కానీ అది చదివి అమ్మొద్దు రా అని వాడికి చెప్పడం న్యాయమా కాదా తెలీడం లేదు, అప్పు ఉంది, వడ్డీ నడుస్తాంది.

గుత్తి_రిటైర్డ్‌మాస్టరు:

ఆ అధ్యాయం నాకు ప్రాణం, కాబట్టి కొంచెం ఓపికగా విను. యెరూషలేము ఊరి చుట్టూ బబులోను సైన్యం ముట్టడి దిబ్బలు వేసి కూర్చుంది, సిద్కియా రాజు పదో ఏడు. యిర్మీయాను ఊరు పడిపోతాది అని చెప్పినందుకు కావలి ఆవరణలో బంధించి పెట్టినారు. అక్కడికి ఆయన చిన్నాయన కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం నువ్వే కొనుక్కో, విడిపించే హక్కు నీదే అంటాడు. అనాతోతు యెరూషలేముకు కూతవేటు దూరం, శత్రువు తిరిగే నేల. పైగా ఆ అనాతోతువాళ్ళే అంతకు ముందు యిర్మీయాను చంపుతామన్నవాళ్ళు, పదకొండో అధ్యాయంలో ఉంది. అట్లాంటి ఊర్లో, అట్లాంటి టైంలో, పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చినాడు. ఆమోసు తిట్టిన దొంగ త్రాసు గుర్తుపెట్టుకో, ఇక్కడ త్రాసు నిజంగా తూచింది. దస్తావేజు రాసి, సాక్షులతో సంతకాలు పెట్టించి, ముద్ర వేసిన ప్రతి ఒకటి, విప్పి ఉన్న ప్రతి ఒకటి, రెండూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి చాలా దినాలు చెడిపోకుండా మట్టికుండలో పెట్టించినాడు. మన రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా ఇంత పద్ధతిగా జరగదు.

నాకు అందులో ఎక్కువ ఇష్టమైంది ఏందంటే ఆయనకు అర్థం కాలేదు. డబ్బు ఇచ్చినాక, కాగితం కుండలో పెట్టినాక, అప్పుడు ప్రార్థన చేసి, ప్రభువా దిబ్బలు ఊరి దాకా వచ్చినాయి, ఊరు వాళ్ళ చేతికి పోతాంది, నువ్వేమో వెండి ఇచ్చి పొలం కొనుక్కోమన్నావు అని అడుగుతాడు. దేవుడు తీర్పు వెనక్కి తీసుకోలేదు, ఊరు కాలతాది అనే చెప్పినాడు. ఇంత కీడు రప్పించినట్టే అంత మేలూ రప్పిస్తాను, ఈ దేశంలో మళ్ళీ పొలాలు కొంటారు, దస్తావేజులు రాస్తారు, సాక్షులు సంతకాలు పెడతారు అన్నాడు. ప్రవక్త చెప్పిన పునరుద్ధరణ ఇంత మామూలు పని, పొలం రిజిస్ట్రేషన్.

యిర్మీయా ఆ పొలంలో ఎన్నడూ కాలు పెట్టి దున్నినట్టు లేదు. ఊరు పడినాక మిగిలినవాళ్ళు ఆయన్ని లాక్కోని ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు పోయినారు, అక్కడ తహపనేసు అనే ఊరికి. మీ తమ్ముడికి అమ్మొద్దని ఈ అధ్యాయం చూపించి చెప్పొద్దు నాయనా, హనమేలు కూడా అమ్మినవాడే, ఆయన్ని బైబిలు ఒక్క మాట అనలేదు. అప్పు లెక్క వేరే కూర్చోని చూసుకోండి. కానీ ఇంకో చోటు కూడా చదువు, ఎజ్రా రెండో అధ్యాయం. పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 539లో బబులోను పట్టుకోని, మరుసటేడు పోండి అన్నాక తిరిగొచ్చినవాళ్ళ పట్టీ అది, ఉత్త పేర్లు, అంకెలు, ఎవరూ ప్రసంగం చేయరు దాని మీద. ఇరవై మూడో వచనం, అనాతోతువాళ్ళు 128 మంది.

కళ్యాణదుర్గం_మెట్ట:

మాస్టరు గారూ, రాత్రి మాయమ్మకు ఇదంతా ఫోన్లో చదివి వినిపించినా. ఆ 128 దగ్గర ఆపి, ఆడోళ్ళను కూడా లెక్కపెట్టినారా అని అడిగింది. మగోళ్ళ లెక్క మాదిరే రాసినారమ్మా అన్నాను. అయితే ఇంకా ఎక్కువే వచ్చింటారు అనింది. రెండేండ్లలో బైబిలు గురించి ఆమె నన్ను అడిగిన మొదటి మాట అది.

తమ్ముడితో కూర్చోని అప్పు లెక్క ఈ ఆదివారం చూస్తాం. కూటంలో మాత్రం నేను ఎక్కువ మాట్లాడకుండా అక్క చెప్పినట్టు విలాపవాక్యములు ఒకటి, యెషయా నలభై పక్కపక్కన చదివించి, తర్వాత ఆ పొలం సంగతి చెప్తామనుకుంటాండా. బ్రదర్ అన్న డెబ్బై ఏండ్లు కూడా చెప్తాను, దాచను. అక్కా ఒక డౌట్, రెండూ ఒకరే చదవాలా, ఇద్దరు చదవాలా?

జమ్మలమడుగు_అక్క:

ఇద్దరు చదవండి. విలాపం చదివేది ఒక ఆడమనిషి అయితే మంచిది, ముందరికి రాకుండా తన బెంచీలోనే కూర్చోని చదవనీ. మీ అమ్మను అడిగి చూడండి, బలవంతం మాత్రం చేయొద్దు. ఓదార్చుడి అనేది చిన్నాయనతో చదివిస్తే ఎట్లుంటాదో ఆలోచించు తమ్ముడూ, ఆయన ఒప్పుకుంటే. రెండిటికీ నడుమ ఒక నిమిషం ఏమీ అనొద్దు, కీబోర్డు వాయించే పిల్లోడికి ముందే చెప్పి పెట్టు, పాట కూడా వద్దని.